గురువారం కోర్టు కాగితం

1982 సెప్టెంబరులో అమెరికాలో, ఫ్రీమాంట్‌లోని ఒక రిక్రియేషన్ సెంటర్‌లో బాలికల వాలీబాల్ జట్టుకు కోచ్‌గా చేరాను. అంతకుముందు రెండేళ్లు అదే జిమ్‌లో నేల తుడిచాను. చిన్నప్పుడు మా ఊళ్లో జూట్ మిల్లు వెనక మా అన్నలతో ఆడి నేర్చుకున్న ఆట చూసి సూపర్‌వైజర్ ఆ పని ఇచ్చారు. అక్కడ ఆడ కోచ్‌ని నేనొక్కదాన్నే. చదువు రాదు. అంకెలు వచ్చు, ఇంగ్లీషులో సంతకం గీయగలను. ప్రతి సెట్‌కి ముందు ఆరుగురి నంబర్లు సర్వీసు వరుసలో రాసి రెఫరీకి ఇచ్చే లైనప్ చీటీకి అంకెలు చాలు. అందుకే నా సంగతి ఎవరికీ తెలియలేదు.

గురువారం సాయంత్రం పూర్తి కోర్టు మాది. కానీ వెళ్లేసరికి అబ్బాయిల బాస్కెట్‌బాల్ జట్టు ఆడుతూ ఉండేది. మేము గోడ పక్కన పాసులు ఆడేవాళ్లం. నెట్ లేకుండా సర్వీసు అందుకోవడం నేర్పలేం. ఆరు మ్యాచ్‌లు ఓడాం. ఇలాగైతే వచ్చే ఏడు జట్టు ఉండదన్నారు సూపర్‌వైజర్. కోర్టు సంగతి అబ్బాయిల కోచ్‌ని అడిగితే, "నువ్వే ఒప్పుకున్నావుగా" అనేవాడు. ఎప్పుడని అడిగితే ఏదైనా కాగితం చూపి చదవమంటాడని, నా గుట్టు బయటపడుతుందని ఊరుకున్నాను.

రూల్ బుక్‌లో పేజీ వెతకలేక తడబడుతుంటే నాకు చదువు రాదని మా స్కోరర్ సరోజ కనిపెట్టింది. ఆమె కూతురు మా జట్టులోనే ఆడేది; నన్నూ రోజూ తన కార్‌లోనే జిమ్‌కి తీసుకెళ్లేది.

"అక్కా, రోజూ కార్‌లో అరగంట వేస్ట్ చేస్తున్నాం. రేపట్నుంచి చదువు స్టార్ట్ చేద్దాం."

"ఈ వయసులో అక్షరాలేమిటే?"

"మా అమ్మాయి చేత వంద సర్వీసులు చేయిస్తావుగా. నేను వంద మాటలు చదివిస్తాను."

జనవరిలో ఒక సోమవారం, ప్రతివారం నేను హాజరు కాగితమనుకుని సంతకం పెట్టే పేపరు అబ్బాయిల కోచ్ ఇచ్చాడు. కూడబలుక్కుంటూ చదివాను. ఆ గురువారం మా కోర్టును అబ్బాయిల జట్టుకు నా ఇష్టంతో ఇస్తున్నానని అందులో ఉంది. అన్ని వారాలూ నా చేత్తోనే ఇచ్చేశాను.

"సంతకం చెయ్యను," అన్నాను.

"ఇన్నాళ్లూ చేశావుగా. ఇప్పుడేమైంది?"

"ఇప్పుడు చదివాను."

సంతకం లేకపోతే కోర్టు మాదేనని సూపర్‌వైజర్ తేల్చారు. మిగిలిన నాలుగు మ్యాచ్‌లలో రెండు గెలిచాం. జట్టు నిలిచింది.

అతను కాగితంలో ఏదీ దాచలేదు. నేను అడుగుతానని అతను అనుకోలేదు, అడగవచ్చని నేనూ అనుకోలేదు. తర్వాత చేరిన ఆడ కోచ్‌లకు బంతుల గది తాళం కంటే ముందు ఆ కాగితం ఇచ్చి, పైకి చదవమనేదాన్ని.