చేపల నీళ్లకు తోడు

సెక్టర్ 4లోని మా క్వార్టర్లో అక్వేరియం పెట్టిన కొత్తలో అందులో చేపలు తప్ప అన్నీ ఉండేవి. గులకరాళ్లు, లైటు, బుడబుడలాడే ఫిల్టరు, ఒక ప్లాస్టిక్ కోట. చేపలెప్పుడని అడిగిన ప్రతివాళ్లకీ పాఠం చెప్పేదాన్ని. బడిలో కెమిస్ట్రీ టీచర్ని కదా, నోరు ఊరుకోదు. చేపల మలంలోంచి అమ్మోనియా పుడుతుంది, అది వాటికే విషం. ఫిల్టరు స్పాంజిలో సూక్ష్మజీవులు కాపురం పెడితే ఆ విషాన్ని తిని, అంత ప్రమాదం లేనిదిగా మార్చేస్తాయి. ఆ కాపురం కుదరడానికి వారాలు పడుతుంది. అందాకా వాటి తిండి కోసం ఖాళీ నీళ్లలో రోజూ చిటికెడు మేత వేసి కుళ్లబెడుతూ ఉండాలి. విన్నవాళ్లు టీ తాగేసి, నావైపు జాలిగా చూసి వెళ్లిపోయేవారు.

మా అత్తయ్య మాత్రం జాలితో సరిపెట్టలేదు. "కొత్త కొంపలో దీపం ఎట్టీసి, ఒక్క పేణీ లేకుండా ఉంచీసారేటి? ఇంటికి మంచిది కాదే" అని గొణిగేది. ఒకరోజు నేను బడికి వెళ్లగానే ఆటో ఎక్కి బజారుకి వెళ్లి, రెండు నారింజరంగు గోల్డ్‌ఫిష్‌లు తెచ్చి అందులో వదిలేసింది. పాలు పొంగించలేదు, అంతే తక్కువ.

మా ఎనిమిదేళ్ల పిల్లకి ఇక వేరే లోకం లేదు. బడి నుంచి రాగానే గాజుకి ముక్కు ఆనించి కూర్చునేది. నాలుగు రోజులు గడిచేసరికి చేపలు పైకి తేలి నోళ్లు తెరుచుకుని రొప్పడం మొదలుపెట్టాయి. గాజుగొట్టంలో ఆ నీళ్లు పోసి మందుచుక్కలు వేస్తే పసుపు రంగు రావాలి. ముదురు ఆకుపచ్చ వచ్చింది. అంటే నిండా అమ్మోనియా. రోజూ సగం నీళ్లు తీసి కొత్తవి పోశాను. మా కుళాయి నీళ్లలో క్లోరిన్ కదా, అది పోవడానికి ముందురోజే బకెట్లన్నీ నింపి వరండాలో ఉంచాలి. ఇంట్లో స్నానాలకి బకెట్ లేదు, చేపలకి మాత్రం ఉంది.

ఈ హిందీ ఊళ్లో పెరుగుతున్న పిల్ల కదా, కోపం వస్తే హిందీలోకి దిగుతుంది. "నానమ్మ సే బాత్ నహీఁ కరూంగీ" అని తేల్చేసింది. నానమ్మతో మాట్లాడదట. పుట్టినప్పటి నుంచీ నానమ్మ పక్కన పడుకునే పిల్ల, తలగడ పట్టుకుని మా గదిలోకి వచ్చేసింది. అత్తయ్యని నాలుగు మాటలు అనాలని నాకూ ఉంది, చెప్పొద్దూ. కానీ వంటింట్లో గోడవైపు తిరిగి ఒక్కతే అన్నం కెలుకుతుంటే చూసి, అనలేకపోయాను. ఆ చేపలు పోతే పిల్ల ఈవిడని ఎప్పటికి క్షమిస్తుందో అని నాకు భయం పట్టుకుంది.

ఒక్కటే దారి ఉంది. బాగా పాతబడ్డ అక్వేరియంలోంచి మురికి స్పాంజి తెచ్చి మా ఫిల్టరులో పెట్టడం. ఖుర్సీపార్‌లో గాజులకొట్టు నడిపే మా పిన్ని కొట్లో ఏళ్లనాటి తొట్టె ఉంది, దాని ఫిల్టరులో రెండు స్పాంజిలున్నాయి. ఫోను చేసి, మురికితో సహా ఒకటి కావాలని చెప్పాను. సాయంత్రం స్కూటర్ మీద బయల్దేరుతుంటే, చేతిలో క్యానుతో అత్తయ్య వెనక ఎక్కి కూర్చుంది.

పిన్ని నవ్వుతూ కవరు ఇచ్చింది. తెరిస్తే, సబ్బువాసనతో తళతళలాడే స్పాంజి, పక్కనే ఒక పొట్లం జంతికలు.

"మురికితో కావాలన్నాను కదే పిన్నీ."

"ఆడపిల్ల అడిగితే మురికి సేతిలో ఎడతానేటి? సబ్బెట్టి మూడు నీళ్లు తీసాను."

నాకు తల బాదుకోవాలనిపించింది. సూక్ష్మజీవులూ కాపురమూ అంటూ మళ్లీ మొదలుపెట్టాను. అత్తయ్య నన్ను ఆపేసింది. "అది మురికి కాదు వదినా. తోడు. పాలలోకి పాత పెరుగు ఎయ్యమా, అదన్నమాట."

పిన్నికి ఒక్క మాటలో అర్థమైంది. మరీ ఎక్కువగా అర్థమైంది. దేవుడి పటం ముందు వెలుగుతున్న దీపం వైపు చూసి, "తోడంటే మరి దీపాలెట్టీసాక ఇయ్యకూడదు కదా వదినగారూ. రేపు పొద్దున్న రండి" అంది.

పొద్దుటిదాకా ఆ చేపలు ఆగవు. అయినా అత్తయ్య ఏమీ అనదనుకున్నాను. చీకటిపడ్డాక తోడు కోసం గిన్నెతో వచ్చిన ఎదురు క్వార్టర్ ఆవిడని గుమ్మంలోంచే పంపించేసిన మనిషి ఆవిడ. అలాంటిది ఒక్క క్షణం దీపాన్ని చూసి, కొంగు నడుముకి దోపుకుంది.

"ఇచ్చినోలికి కదా దోసం. నువ్వియ్యొద్దు. నానే తీసుకుంతాను."

గాజులతో సహా మోచేతిదాకా తొట్టెలో ముంచి, నల్లగా జిగురుకారే రెండో స్పాంజి బయటికి లాగింది. పిన్ని చేపలకీ అవసరమే కదా, అందుకని సగం కోసి తీసుకున్నాను. ఆ ముక్కని తొట్టె నీళ్లతో సహా క్యానులో పెట్టుకుని, "బేగి పోనీయే" అంది అత్తయ్య.

రాత్రికి రాత్రే ఏమీ మారిపోలేదు. నీళ్లు మార్చడం తప్పలేదు. కానీ చేపలు ఆ రాత్రి గట్టెక్కాయి. గొట్టంలో ఆకుపచ్చ రోజురోజుకీ పలచబడి, చివరికి ఒక పొద్దున్న పసుపు తేలింది. చేపలు అడుగున గులకరాళ్లు నోట్లో పెట్టుకుని ఉమ్ముతున్నాయి. నానమ్మ చెయ్యి ముంచిన కథంతా పిల్లకి చెప్పాను. అది విని, మేత డబ్బా పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది.

"నానమ్మా, రా. వాటికి ఆకలేస్తోంది."

అత్తయ్య చేతులు వెనక్కి పెట్టుకుంది. "నానెయ్యను తల్లీ. నా సెయ్యి మంచిది కాదు."

పిల్ల ఆ చెయ్యి పట్టి ముందుకి లాగి, పిడికిలి విప్పి, అరచేతిలో చిటికెడు మేత పోసింది.

"కొంచెం కొంచెం వెయ్యి," అంది. "లేకపోతే అమ్మ మనిద్దర్నీ తిడుతుంది."