కుడిచేత్తో మళ్ళీ మొదటి నుంచి

విశాఖలో పెళ్ళి బృందాల్లో బేస్ గిటార్ వాయించి బతికేవాణ్ణి నేను. శామ్యూల్ గారి పాత క్యాసెట్ ఒకటి చేతికొచ్చాక ఆయన్ని ఒక్కసారైనా ఎదురుగా కూర్చుని వినాలని పట్టుబట్టాను. ఆయన తండ్రి రైలింజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్. శామ్యూల్ గారు మాత్రం మనిషంత ఎత్తుండే డబుల్ బేస్ పట్టుకుని కలకత్తా హోటళ్ళలో పన్నెండేళ్ళు జాజ్ వాయించారు. హోటళ్ళు బృందాల్ని మానిపించాక భిలాయి వచ్చి బావమరిది కరెంటు సామాన్ల కొట్లో కూర్చున్నారు. ఫోన్ చేస్తే, "రా బాబూ. తీగల సెట్టొకటి పట్టుకురా" అన్నారు, అంతే.

రాత్రి రైలెక్కి, ఉదయం ఎనిమిదింటికి భిలాయి పక్కనున్న దుర్గ్‌లో దిగాను. షేర్ ఆటోలో ముప్పై రూపాయలకి సుపేలా చేరాను. అక్కడ ఇడ్లీ తిని, భిలాయి-3కి వంద రూపాయలకి ఇంకో ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవర్ భిలాయిలోనే పుట్టిన తెలుగువాడు. "పెద్ద బాజా అంకుల్ ఘరేనా భయ్యా? రోజూ దుపహర్‌లో ఒకటే ధున్. మా గల్లీ అంతటికీ యాద్ అయిపోయింది" అన్నాడు. రోజూ మధ్యాహ్నం అదే పాట విని విని వీధంతటికీ కంఠతా వచ్చేసిందట.

చేరేసరికి పది. పాత తీగలు విప్పేసిన బేస్ గోడకి ఆనించి ఉంది. ఆయన భార్య మేరీ గారు టీ పెట్టేలోగా, ఆత్రం ఆపుకోలేక కొత్త తీగలు నాకు తెలిసిన వరసలో బిగించేశాను. లోపల్నుంచి వచ్చిన శామ్యూల్ గారు చూసి, "ఏటి బాబూ, ఎవర్ని అడిగి కట్టీసినావు? విప్పు. ఉల్టా కట్టాల" అన్నారు.

అప్పుడు చూశాను ఆయన ఎడమచెయ్యి. పక్షవాతం వచ్చి రెండేళ్ళయిందట. స్వరాలు నొక్కాల్సిన ఆ వేళ్ళు సరిగా వంగవు. అందుకని నొక్కే పని కుడిచేతికీ, మీటే పని ఎడమచేతికీ మార్చుకుని, డెబ్బై దాటాక అ ఆల దగ్గర్నుంచి మొదలుపెట్టారు. తీగల వరస తిరగెయ్యమన్నది అందుకే. ఆదివారం రాయపూర్‌లో పాత బృందం కలుస్తోంది. ఒక్క పాటైనా తప్పు లేకుండా పూర్తిచెయ్యగలిగితేనే వస్తానని పియానో వాయించే స్నేహితుడికి చెప్పారు. జవాబు ఇవాళే ఇవ్వాలి.

"మానీమంటే ఇంటారేటి? చెయ్యి వాచిపోతంది" అన్నారు మేరీ గారు.

"వాచనీ. ఊరికే కూకోమంటావేటి?"

నేను తీగలు ఉల్టా కట్టాక, శ్రుతి చూసుకుని ఒంటిగంటకి మొదలుపెట్టారు. సగంలో వేలు జారింది. మళ్ళీ మొదటి నుంచి. రెండోసారీ, మూడోసారీ అక్కడే. నేనైతే ఈపాటికి చాలించేసేవాణ్ణి. నాలుగోసారి, నెమ్మదిగా, తాళం తప్పకుండా చివరిదాకా వచ్చేశారు. చెమట తుడుచుకుని ఫోన్ అందుకున్నారు. "ఒరే, నా పేరు రాసుకో."

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. పాత కబుర్లు వినొద్దామని వెళ్ళాను. ఆయన కలకత్తా ఊసే ఎత్తలేదు, అంత తీరిక లేదు. పదేళ్ళుగా నాకు వచ్చిందే వాయిస్తూ తిరుగుతున్నందుకు సిగ్గేసింది. వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క మాట: ఒంటిగంట నుంచి నాలుగు దాకా తలుపు కొట్టకండి, తియ్యరు. రాయపూర్‌లో వాయించేశారు కదా, ఇంక సాధన మానేసుంటారు అనుకోకండి. సోమవారం మధ్యాహ్నమే కొత్త పాట ఎత్తుకున్నారని మేరీ గారు ఫోన్ చేసి చెప్పారు.