నల్ల పట్టీ కింద ఉక్కు

ముందు గొయ్యి తవ్వుతున్నారని మా బస్సు ఆపేశారు. ఆగిన బస్సులో కూర్చోవడం నావల్ల కాని పని. దిగాను. గొయ్యి ఒడ్డున ఒకాయన, వైర్లు చుట్టిన పొడుగాటి కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కాస్త జరిగి నాకు చోటిచ్చాడు.

"మీటరు మావయ్యా, కింద ఏ లోపమూ లేకపోయిందో, ఈ గొయ్యి నీచేతే పూడ్పిస్తాం," అన్నాడు లోపల పార పట్టుకున్నవాడు.

"అలాగే. నెమ్మదిగా గోకరా. అది గ్యాసు పైపు, మీ అత్తగారి వీపు కాదు."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఆయన ఉద్యోగం పైపు వెంట నడవడం. భూమిలో ఉక్కు పైపు తుప్పు పట్టకుండా నల్లటి ప్లాస్టిక్ పట్టీ చుట్టి, పైగా కొద్దిగా కరెంటు పంపుతారట. కర్ర నేలకు ఆనించి, ఆ కరెంటు సరిగా అందుతోందో లేదో ఈయన మీటరులో చూస్తాడు. కత్తుల గురించీ ఫిరంగుల గురించీ బోలెడు చదివాను. పుస్తకాల్లో ఇనుముకు ఎప్పుడూ పౌరుషమే. మట్టిలో పడుకుని చెమర్చే ఇనుము గురించి ఎవరూ రాసినట్టు లేదు. సరే, ఆ గొడవ మనకెందుకు.

కిందటేడు వెనక మలుపు దగ్గర పైపు కారి అంటుకుంది. అక్కడి వాల్వు గదిలో డ్యూటీలో ఉన్న ఈయన అన్న మిగల్లేదు. అంతకు కొద్దిరోజుల ముందే ఆ చోటు బాగుందని చెప్పింది ఈయనే.

"మీ వదినగారు ఏమన్నారు?"

"ఏమీ అనదు. అన్నం పెడుతుంది. ఒక్కసారి అడిగింది. 'నిజంగా కర్ర ఆనించావా మరిదీ, ఎండగా ఉందని ఊరికే చెప్పేశావా' అని. ఆనించానన్నాను. మరెందుకు కారిందంది. నాకు మాత్రం ఏం తెలుసు?"

కాలిన పైపు ముక్కలో ఏమీ తేలలేదు. అందుకే అదే పాత పట్టీ ఉన్న ఈ మలుపులో తవ్వమని పై వాళ్ళ వెంటపడ్డాడు. ఇక్కడా మీటరు బాగుందనే చూపిస్తోంది. చెడ్డ చోట తవ్వమనేవాళ్ళే గానీ, బాగున్న చోట తవ్వమన్నవాడు ఈయనొక్కడేనట.

పైపు బయటపడింది. పట్టీ కొత్తదానిలా నిగనిగలాడుతోంది. అప్పటిదాకా ఒడ్డున నిలబడ్డ ఇంజనీరమ్మ గోతిలోకి దిగి చాకుతో కోసింది. పట్టీ వదులు చొక్కా చెయ్యిలా ఊడొచ్చింది. నీళ్ళు కారాయి. కింద ఉక్కంతా నల్లటి గుంటలు.

"పట్టీ ఉక్కును వదిలేసింది మావయ్యా. సందులో నీళ్ళు చేరాయి. ప్లాస్టిక్ అడ్డం పడి కరెంటును లోపలికి పోనివ్వలేదు. పైనుంచి చూస్తే మీటరుకు ఇది కనబడదు. అక్కడా ఇదే అయ్యుంటుంది."

ఆయన దిగి ఒక గుంటలో బొటనవేలు పెట్టాడు. గోరు మునిగింది.

"ఎంత శుభ్రంగా చుట్టారో," అన్నాడు.

"పోన్లే మావయ్యా, నీ తప్పు లేదని తేలిందిగా," అన్నాడు పారవాడు.

"ఆఁ."

పైకొచ్చి ఫోను తీశాడు. "వదినా, తవ్వారు. ఆనించాను, అవును. పట్టీ కింద తుప్పు తినేసింది... ఊఁ... ఊఁ." జేబులో పెట్టేసుకున్నాడు.

"ఏమన్నారు?" అన్నాను.

"సాయంత్రం కూర ఏం చెయ్యనూ అంది."

బస్సు హారన్ కొట్టింది. వెళ్ళొస్తానని చెబుదామని తిరిగేసరికి ఆయన పక్కన లేడు. గొయ్యి దాటి, వైర్లు విప్పుకుంటూ పోతున్నాడు. మా బస్సు ఆయన్ని దాటింది. తలెత్తలేదు. కర్ర నేలకు ఆనించాడు, మీటరు చూశాడు, ముందుకు నడిచాడు.