సుగుణత్త గుమ్మడి బిళ్ళలు

ఇవాళ పొద్దున ఓవెను తలుపు తీయగానే గుమ్మడికాయ, బెల్లం, వేగిన ఓట్సు కలిసిన వాసన గుప్పున ముఖానికి కొట్టింది. మా బడి ఆడపిల్లలు వీటిని ఎనర్జీ బార్లంటారు. ఏం బార్లో, ఏం పాడో! నాకు మాత్రం ఇవి సుగుణత్త బిళ్ళలే. ఆ వాసన తగిలితే చాలు, తొంభైల నాటి మిర్యాలగూడలో మా పక్క వాటా కళ్ళ ముందుకొస్తుంది.

సుగుణత్తది కోదాడ. భర్త లారీ డ్రైవరు, బియ్యం లోడుతో వెళ్తే మళ్ళీ ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. రైసు మిల్లులో పనిచేసే మా నాన్నను ఆమె అన్నయ్యా అని పిలిచేది, అందుకే నాకు అత్తయింది. మూత మీద చిన్న అద్దమున్న గుండ్రటి అల్యూమినియం ఓవెను మా వాడకట్టులో ఆమె ఒక్కతెకే ఉండేది. కరెంటున్నంతసేపూ అందులో ఏదో ఒకటి పెట్టేది. మాడిపోతే పకపకా నవ్వి, "నల్లగా ఉంటే ఏమైంది, కృష్ణుడు నల్లగా లేడా!" అంటూ దాన్నే మా చేతుల్లో పెట్టేది. ఆ నవ్వు కోసమైనా తినేవాళ్ళం.

నేను పదో తరగతిలో ఉండగా సూర్యాపేటలో జరిగే పరుగు పందేనికి నన్ను ఎంపిక చేశారు. నాకు ప్రపంచంలో అంతకన్నా కావలసింది లేదు. సరిగ్గా అప్పుడే, పొద్దున్నే ఏమీ తినకుండా పరిగెత్తి, బడి గ్రౌండులో కళ్ళు తిరిగి పడ్డాను. నాన్న హడలిపోయాడు. "ఉరుకుడు లేదు, గిరుకుడు లేదు. ఇంట్ల కూసో" అని తేల్చేశాడు. అమ్మ బతిమాలింది, నేను ఏడ్చాను, అన్నం మీద అలిగాను. ఆయన వింటేనా!

పోటీకి ముందు రోజు సాయంత్రం సుగుణత్త పెద్ద గుమ్మడికాయను తెచ్చి మా గడప ముందు పెట్టింది. చంకలో హైదరాబాదు నుంచి వాళ్ళ చెల్లెలు తెచ్చిన ఓట్సు డబ్బా. నిండు గుమ్మడికాయకు ఆడవాళ్ళు మొదటి కత్తి పెట్టరు, ముందు మగవాళ్ళు రెండు చెక్కలు చేసి ఇవ్వాలి.

"అన్నయ్యా, మా ఆయన లోడుకెళ్ళాడు. కాస్త ఈ కాయ కోసి పెట్టండి" అంది.

ఇలాంటి పని చెబితే నాన్నకు మహా హుషారు. చొక్కా చేతులు మడిచి ఒక్క వేటుకు రెండు చెక్కలు చేశాడు. ఆ తర్వాతే అడిగాడు, "ఏం చేస్తవ్ చెల్లె?"

"మీ అమ్మాయి రేపు పరిగెత్తాలి కదా, బలానికి బిళ్ళలు చేస్తున్నా."

అప్పుడు చూడాలి నాన్న ముఖం! డబ్బాలో చెయ్యి పెట్టి, "గివి గుర్రాల దాణా గాదా? నా బిడ్డకు పెడ్తవా?" అన్నాడు.

"పరిగెత్తేది గుర్రాలే కదన్నయ్యా!"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుగుణత్త మాత్రం నవ్వలేదు. "కాయ కోసింది మీరు. మీరు చెయ్యేసి మొదలెట్టింది మీరే వద్దంటే ఎట్టా? పిల్ల పడింది పరిగెత్తి కాదు, పస్తుండి. తినిపించి మీరే తీసుకెళ్ళండి."

నాన్న ఆ రెండు చెక్కలనూ సుగుణత్త వైపు జరిపాడు. "మళ్ళ పడితే?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, ఉన్నదంతా భయమే. అది నాకు అప్పుడే అర్థమైంది.

"పట్టుకోవడానికి మీరుంటారుగా" అంది సుగుణత్త.

గుమ్మడి తురుము, బెల్లం, ఓట్సు, నువ్వులు కలిపి ఓవెన్లో పెట్టాం. నేను ఊరికే అద్దంలోంచి తొంగి చూస్తుంటే, "నువ్వు చూస్తే సిగ్గుపడి ఉడకదే!" అని అత్త నా నెత్తిన మొట్టింది.

సూర్యాపేటలో నేను రెండో స్థానంలో నిలిచాను. రొప్పుతూ వెనక్కి తిరిగి చూస్తే, నాన్న డబ్బా మూత తీసి ముక్కూమొహం తెలియని వాళ్ళందరికీ బిళ్ళలు పంచుతున్నాడు. "తినుండ్రి సార్, కాయ నేనే కోసిన. గాడ ఉరికింది నా బిడ్డ!" సంతోషంతో నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు నేను కోదాడలో ఆటల టీచర్ని. ఆడపిల్లను పోటీలకు పంపనని ఏ తండ్రైనా మొండికేస్తే వాదించను. "సరే అన్నయ్యా, పోటీ సంగతి తర్వాత. జర ఈ స్టాప్‌వాచ్ పట్టుకోండి, మనిషి తక్కువైంది" అంటాను. ఆయన గొణుక్కుంటూనే పట్టుకుంటాడు. కాసేపటికి గ్రౌండు అంచున ఆయన గొంతే అందరికన్నా పెద్దగా వినిపిస్తుంది: "ఉరుకు బిడ్డా, ఉరుకు!"