మేస్టారు నొప్పి అప్పజెప్పిన రోజు

మా డ్రిల్లు మేస్టారు పోయారు. ఆ కబురు వచ్చేసరికి నేను కొట్లో ఒకావిడకి లంగా గుడ్డ కొలుస్తున్నాను. జిమ్ములో మాతోపాటు బరువులెత్తే కుర్రాడి ఫోను. "మేస్టారు బోంచేసి కుర్చీలో కూకున్నారు. కూకున్నోరు కూకున్నట్టే పోనారు," అన్నాడు. అరసవల్లి దారిలో వాళ్ళింటికి బండి తోలుతున్నంతసేపూ నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఆ పొద్దున ఆయనా నేనూ మాట్లాడుకున్న మాటలే చెవుల్లో మోగుతున్నాయి. పోయిన మనిషి కోసం ఏడవాల్సిన వేళ నా గురించి నేను భయపడ్డాను. ఇదంతా అమ్మగారిని, అంటే మేస్టారి భార్యని, అడిగే రాస్తున్నాను.

ఆయన హైస్కూల్లో డ్రిల్లు మేస్టారుగా రిటైరయ్యారు. ఇంట్లో ఊరికే కూర్చోలేక పెరట్లో రేకుల షెడ్డు వేసి జిమ్ము పెట్టారు. బల్లలు వెల్డింగు షాపులో దగ్గరుండి చేయించుకున్నారు. అద్దాలు మాత్రం పెట్టలేదు. ఎవరైనా అడిగితే "అందం సూసుకోడానికి సెలూనుకెళ్ళండి," అనేవారు.

మాది బట్టల వ్యాపారం. బరువులెత్తుతానంటే మా నాన్న "తాన్లు మొయ్యి, అవీ బరువే," అన్నాడు. మేస్టారు నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. ఎప్పుడూ "ఏటి సావుకారూ" అనే. మొదటి రోజు ప్లేట్లు తగిలించని ఒట్టి ఇనప బారు ఎత్తబోతే అది ఒక పక్కకి ఒరిగిపోయింది. "ఇక్కడ కూడా తక్కెట్లో మోసమేటి?" అన్నారు. షెడ్డంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. మర్నాడు మళ్ళీ వెళ్ళాను, ఇక మానలేదు.

ఆయనకి బెంచ్ ప్రెస్ అంటే ప్రాణం. బల్ల మీద వెల్లకిలా పడుకుని, బారుని గుండెల మీదకి దించి, మళ్ళీ పైకి నెట్టడం. చూడ్డానికి ఇంతే. కానీ బల్ల సమంగా ఉంటే ఛాతీ మొత్తం పనిలోకి దిగుతుందనీ, తల వైపు కాస్త లేపితే ఆ పని ఛాతీ పైభాగానికీ భుజం ముందు కండకీ ఎక్కుతుందనీ, తల వైపు దించితే ఛాతీ కింది అంచు పట్టుకుంటుందనీ నాకు తెలిసింది ఆయన దగ్గరే. చేతులు దగ్గరగా పెట్టి పట్టుకుంటే జబ్బ వెనక కండ ఎక్కువ మోస్తుంది. "ఎంతెత్తినావో నాకు సెప్పకు. ఎవుడెత్తినాడు? ఛాతీ ఎత్తినాదా, బుజం ఎత్తినాదా? అది సెప్పు," అనేవారు.

పెళ్ళిచూపుల ముందు నాకు పైఛాతీ మీద మోజు పుట్టింది. బల్లని రోజుకి కాస్త చొప్పున లేపుకుంటూ పోయాను. ఒకరోజు వచ్చి చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నారు. "అది బల్లా, నిచ్చెనా? ఇంతలాగ లేపితే ఛాతీ సెలవెట్టీసి పోతాది, బరువంతా బుజాలే మొయ్యాల. అయినా ఆ పిల్ల నీ మొగం సూస్తాది గానీ ఛాతీ కొలుస్తాదేటిరా?" అంటూ బల్ల దించారు. ఆ సంబంధమే కుదిరింది. పెళ్ళికి వచ్చి మా ఆవిడ ముందే ఈ కథంతా చెప్పి నన్ను ఏడిపించారు.

ఆ జిమ్ములో ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే మేస్టారు గ్లాసుడు చోడంబలితో, అదే రాగంబలితో, గేటు దగ్గర నిలబడేవారు. లోపలికి పోవాలంటే ముందు నొప్పి అప్పజెప్పాలి. నిన్నటి కసరత్తుకి ఇవాళ ఎక్కడ నొప్పెడుతోందో వేలు పెట్టి చూపించాలి. దాన్నిబట్టి నిన్న మనం బారు ఎలా పట్టామో, ఎక్కడ దొంగపని చేశామో ఆయన చెప్పేసేవారు. ఒకడు ఏ నొప్పీ లేదని గొప్పగా చెప్పాడు. "ఉండదు మరి. బారుని ఛాతీ మీద బంతిలాగ ఎగరేసినావు," అన్నారు. ఒక పక్కే నొప్పి అన్నామా, అసలు ఒప్పుకునేవారు కాదు. "రెండు పక్కలా సమానంగా రావాల. ఒక పక్కే వచ్చినాదంటే బారు వంకరగా దించినావన్నమాట."

ఈ చదువు నాకు బాగా వంటబట్టింది. ఆయన ఊళ్ళో లేనప్పుడు గేటు దగ్గర నేనే నిలబడి అందరి చేతా అప్పజెప్పించుకునేవాణ్ణి. నా అంచనా తప్పేది కాదు. ఆ గర్వం కొట్లో కూర్చున్నా తగ్గేది కాదు. మెడ పట్టేసిందని ఎవరైనా అంటే చాలు, ఏ వైపు పడుకున్నారో చెప్పడానికి తయారైపోయేవాణ్ణి.

మేస్టారు పోయే ముందురోజు, కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఫోన్లో వీడియోలు పెట్టుకుని, ఎలా కొడితే ఛాతీ బేగి వస్తుందని వాదులాడుకుంటున్నారు. మేస్టారికి పంతం వచ్చింది. చొక్కా విప్పి బల్ల మీద పడుకున్నారు. సమంగా ఒకసారి, తల వైపు లేపి ఒకసారి, దించి ఒకసారి, ఆఖర్న చేతులు దగ్గరగా పెట్టి, అన్ని రకాలూ చేసి చూపించారు. కుర్రాళ్ళు ఈలలు వేశారు. తల దగ్గర నిలబడి బారు అందించింది నేనే. వద్దండీ అని ఒక్క మాట అనలేదు సరికదా, ఇంకో ప్లేటు వేద్దామా అని అడిగాను.

మర్నాడు ఆయన గేటు దగ్గర లేరు. షెడ్డులో బల్ల అంచున కూర్చుని ఉన్నారు. అంబలి గ్లాసు ముట్టకుండా పక్కన పెట్టేశారు. "ఏటి సావుకారూ, ఇయ్యాల నేనప్పజెప్తాను, నువ్వు సెప్పు," అన్నారు. ఎడమ ఛాతీ మీద అరచెయ్యి పెట్టి, అక్కణ్ణించి చెయ్యి లోపలి వైపుగా మోచేతి దాకా రాసి చూపించారు.

"కుడి పక్క?" అన్నాను.

"కుడి పక్కేటీ లేదు."

బాగా చదువుకున్న ప్రశ్నే పరీక్షలో వచ్చినంత సంబరపడ్డాను. "ఆఖర్న చేతులు దగ్గరగా పెట్టి కొట్టారు కదండీ. అప్పటికే అలిసిపోయారు. బారు ఎడమ పక్కకి ఒరిగింది, ఆ పక్క ఛాతీ, చెయ్యీ రెండూ పట్టేశాయి," అన్నాను. ఆయన నుదుటి మీద చెమట ఉంది. నేను చూశాను. ఆ షెడ్డులో చెమట పట్టని వాడెవడు?

"బాగా సెప్పినావు. నీకింక నాతో పనిలేదు," అని నవ్వి నా భుజం తట్టారు. నేను పొంగిపోయి కొట్టుకి వెళ్ళిపోయాను.

కసరత్తు మొహం ఎరగని మనిషెవరైనా ఆయన చెయ్యి పెట్టిన చోటు చూస్తే వెంటనే ఆటో పిలిచేవారు. మా ఇద్దరికీ అది కండగానే కనబడింది. నా వల్లే ఆయన పోయారని నేను అనుకుంటున్నాను. కాదని చెప్పినవాళ్ళెవరికీ ఆ పొద్దున జరిగింది తెలియదు.

పదో రోజున ఇంటినిండా జనం. వచ్చిన ప్రతివాళ్ళతోనూ అమ్మగారు "నొప్పేటీ లేకుండా పోనారు" అని చెప్తున్నారు. విన్నవాళ్ళు పుణ్యాత్ముడని దణ్ణం పెడుతున్నారు. ఆవిడకి మిగిలింది ఆ ఒక్క మాటే. అది నేను తీసెయ్యాలా, వద్దా? నోరు మూసుకుని ఉండిపోదామనే అనుకున్నాను, నావల్ల కాలేదు. ఆవిడ మొహం కడుక్కోడానికి పెరట్లోకి వచ్చినప్పుడు వెనకాలే వెళ్ళి అంతా చెప్పేశాను. తిడతారనుకున్నాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను.

"ఇంటికొచ్చినాక నాకూ సెప్పినారు బాబూ," అన్నారావిడ. "ఏటిది అనడిగితే, సావుకారు సెప్పీసినాడులే, బారు ఒరిగిపోనాదట, అన్నారు. ఈ వయసులో కుర్రోళ్ళ ముందర గొప్పలెందుకనీసి తిట్టినాను. తిట్టి, నొప్పి మందు రాసినాను. హాయిగున్నాదే అన్నారు. నేనే అన్నం ఎట్టినాను."

నా మాట ఆయన్ని ఒక్కరినే కాదు, ఆవిడని కూడా నమ్మించిందన్నమాట.

"మరి నొప్పి లేదని అందరికీ..."

"అలగనుకుంటేనే నాకు తెల్లారతన్నాది," అన్నారు. కొంగుతో మొహం తుడుచుకున్నారు. "నువ్వు మాత్రం ఆ పిల్లలకి సెప్పు. ఒక పక్క నొప్పెడితే మన తెలివి పక్కనెట్టి ఆస్పత్రికి పొమ్మను."

లోపల్నించి ఎవరో పిలిచారు. పొందూరు నుంచి మేస్టారి తరఫు ముసలావిడ ఒకామె అప్పుడే దిగింది. అమ్మగారి చేతులు పట్టుకుని "బాధ పడ్డాడేటే?" అని ఏడ్చింది.

అమ్మగారు ఆవిడ తల మీదుగా నావైపు చూశారు. "నొప్పేటీ లేదు పిన్నీ. ఈ బాబునడుగు. ఆ పొద్దున ఇతగాడితోనే మాటాడినారు."

ముసలావిడ నావైపు తిరిగింది.

"లేదండీ. నవ్వుతూనే ఉన్నారు," అన్నాను.

ఆవిడ నా రెండు చేతులూ దగ్గరికి తీసుకుని కళ్ళకద్దుకుంది.