ఇచ్చిన సూత్రం మాత్రమే

కోర్టులో సాక్షుల వాంగ్మూలాలు టైపు చేసే ఆమెను అందరూ టైపిస్టమ్మ అనే పిలిచేవారు. ఇరవై రెండేళ్లుగా ఆమెది అదే కుర్చీ. ఏ సెక్షన్ కింద పిటిషన్ వేయాలో తోచని కొత్త వకీళ్లు ముందు ఆమె బల్ల దగ్గరికే వచ్చేవారు. "అక్కా, నువ్వు గనక నల్లకోటు తొడిగితే మా పొట్ట కొట్టినట్టే!" అని వేళాకోళమాడేవారు.

ఆ నల్లకోటే ఆమె కోరిక. ఉద్యోగం మానకుండా చదవడానికి సాయంత్రం తరగతులున్న లా కాలేజీ ఒక్కటే ఉంది. దాని ప్రవేశ పరీక్ష ఇప్పటికే రెండుసార్లు తప్పింది. వయసు హద్దు ఈ ఏడాదితో దాటిపోతుంది.

ఈసారి ఆమెను గట్టెక్కించే భారం అక్క కూతురు నెత్తికెత్తుకుంది. తాను నిరుడే ఆ పరీక్ష నెగ్గిన పిల్ల. గద్యభాగం ఇస్తే ముందు ప్రశ్న చదివి తరువాత గద్యానికి వెళ్లాలంది. తర్కంలో వాదన ఏ ఊహ మీద నిలబడిందో పట్టుకోవాలంది. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది గనుక, మనసు తేలనిదాన్ని వదిలేయాలంది. వకీళ్ల పేచీలు విని విని పండిన చెవికి ఇవన్నీ నల్లేరు మీద నడకే. చిక్కంతా న్యాయసూత్రం ప్రశ్నలతోనే. పైన ఒక సూత్రం, కింద ఒక సంగతి ఇస్తారు. సూత్రం ఎంత విడ్డూరంగా ఉన్నా దాన్నే నమ్మి జవాబు గుర్తించాలి. తెలిసిన చట్టాన్ని గుమ్మం బయటే విడిచి రావాలి.

"పరుల గోడ ఎక్కినవాడు, కారణమేదైనా, నేరస్థుడే" అన్నది ఒక సూత్రం. మంటల్లో చిక్కిన పసిదాన్ని దించడానికి పక్కింటాయన గోడ ఎక్కాడు. టైపిస్టమ్మ 'నిర్దోషి' అని గుర్తుపెట్టింది.

"పిన్నీ! మళ్లీ వదిలేశావా వాణ్ణి?"

"ఏ జడ్జి శిక్షిస్తాడే అలాంటివాణ్ణి?"

"అక్కడ జడ్జి ఉండడు తల్లీ, జవాబులు దిద్దే మిషనుంటుంది. దానికి జాలీ లేదు, నీ అంత సర్వీసూ లేదు."

"అయితే దానికంటే నాకే ఎక్కువ తెలుసు కదే!"

"అదే నీ జబ్బు. ఏమీ తెలియక నేను ఒడ్డున పడ్డాను. అన్నీ తెలిసి నువ్వు మునుగుతున్నావు."

నిష్పక్షపాతంగా చూస్తే తప్పు పరీక్షది కాదు. చట్టం ఇంకా నేర్వనివాళ్లందరినీ ఒకే తక్కెడలో తూచడానికి అంతకంటే సరైన దారి లేదు. ఆమెను తప్పుపట్టడానికీ ఆధారం దొరకదు.

పరీక్ష నాడు మొదటి రెండు విభాగాలూ గంటలో ముగించింది. మూడోదాంట్లో పన్నెండు ప్రశ్నలకు పళ్లు బిగించి సూత్రం చెప్పినట్టే నింపింది. పదమూడోది వచ్చింది: గడువు ముగిసిన రోజే అద్దెదారు ఇల్లు విడవాలి, ఏ సాకూ చెల్లదు. ఆ అద్దెదారు ఆస్పత్రిలో ఉన్నాడు. సరైన జవాబు ఆమెకు క్షణంలో తెలిసింది. కానీ కిందటేడు అచ్చం అలాంటి మనిషే బోనులో నిలబడి దగ్గుతుంటే, దగ్గుకూ దగ్గుకూ మధ్య మాటలను ఏరి టైపు చేసింది ఆమె వేళ్లే. కలం సరైన గడి దాకా వెళ్లి పక్క గడిని నింపింది. సిరా చెరగదు. అక్కణ్ణుంచి ప్రతి ప్రశ్నలోనూ ఒక మనిషే కనిపించసాగాడు. వదిలేయమన్న ఉపాయం గుర్తుంది. చేయి మాత్రం మాట వినలేదు.

వారానికి జవాబులు బయటపెట్టారు. పిల్ల ఒక్కొక్కటే సరిచూసింది. మూడో విభాగంలో పదకొండు తప్పాయి. సీటుకు నాలుగు మార్కులు తక్కువయ్యాయి.

"ఈ పదకొండూ తెలియక పోగొట్టావా?"

"తెలుసే."

"మరి?"

"ఆస్పత్రిలో ఉన్నవాణ్ణి వీధిలోకి ఎలా గెంటమంటావు?"

"వాడసలు లేడు పిన్నీ! ప్రశ్న రాసినాయన పుట్టించాడు!"

"నేనూ అదే అనుకున్నానే. అనుకుంటూనే పెట్టాను."

వయసు సడలించమని కాలేజీకి అర్జీ పెడదామంది పిల్ల. టైపిస్టమ్మ నియమాల పుస్తకం తెరిచి వయసు హద్దు పంక్తి మీద వేలుంచింది. అందులో సందులేమీ లేవు.

"ఏ జడ్జి దగ్గరికెళ్లినా ఇదే చదువుతాడు" అంది.

"అయినా సరే, పెడదాం."

మధ్యాహ్నం భోజన విరామంలో టైపిస్టమ్మ తన అర్జీ తానే టైపు చేసుకుంది. ఏ జవాబు వస్తుందో తెలిసే, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చేసింది.