నాన్నమ్మ ఊఁ అంటేనే

నా చిన్నప్పుడు మేము భిలాయిలో, ఖుర్సీపార్‌లో ఉండేవాళ్లం. నాన్నకి ఉక్కు ప్లాంటులో పని. ఇంట్లో శ్రీకాకుళం తెలుగు, గుమ్మం దాటితే హిందీ. నాకేమో ఇంగ్లీషు కావాలి, అదీ పెద్ద పెద్ద మాటలతో కావాలి. ప్లాంటువాళ్ల సెక్టారు కాలనీలోని ఇంగ్లీషు మీడియం బడిలో సీటు కోసం ఇంటర్వ్యూకి వెళ్లి, నాకొచ్చిన మాటతో సొంత వాక్యం చెప్పమంటే నోరు పెగలక వెనక్కి వచ్చేశాను. మరుసటి ఏడాది తప్పితే ఇక అవకాశం లేదు. ఆ సీటు వదిలేది లేదనుకున్నాను.

డిక్షనరీలో హిందీ అర్థాలు చూసి పొద్దస్తమానం బట్టీ కొడుతుంటే పక్కింటి అక్క పుస్తకం లాగేసుకుంది. ఆవిడ దుర్గ్ కాలేజీలో ఇంగ్లీషు చదివేది.

"రట్టా కొడితే రాదే. మీ నాన్నమ్మకి తెలుగులో సెప్పు. ఆవిడ ఊఁ అంటే ఆ మాట నీది. నేదంటే ఇంకా పుస్తకానిదే."

అక్షరం ముక్క రాని నాన్నమ్మకి ఇంగ్లీషు చెప్పడమేమిటని ఒళ్లు మండింది. అయినా వంటింట్లోకి వెళ్లి 'రెలక్టెంట్' అన్నాను. హిందీ అర్థం నోట్లోనే ఉంది, తెలుగు మాత్రం రాదు. నాన్నమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ ఓపిగ్గా చూస్తోంది. తడుముకుని తడుముకుని, మనసు లేకపోయినా చేయడం అన్నాను.

"మీ నాన్న నైట్ షిఫ్టుకెల్లినట్టా?" అంది.

నవ్వాగలేదు. ఆ మాట నేను ఇక మరిచిపోతే ఒట్టు.

అప్పట్నుంచి అదే పని. ఆవిడ అంత తేలిగ్గా ఊఁ అనేది కాదు. అననప్పుడల్లా అక్క దగ్గరికి పరుగెత్తి, మళ్లీ అడిగి వచ్చేదాన్ని. 'టెనేషియస్' అంటే పట్టిన పట్టు వదలనివాళ్లని చెప్పిన రోజున మాత్రం, "నీలాటోళ్లేటి," అని మళ్లీ కూర మీదికి తల దించేసింది. ఆవిడ నన్ను మెచ్చుకోగా వినడం అదే మొదలు. ఎంత పొంగిపోయానో.

మరుసటి ఏడాది ఇంటర్వ్యూలో పెద్ద టీచరమ్మ, నీకు నచ్చిన మాట ఒకటి చెప్పి వాక్యం కట్టమంది. ఎదురుగా ఉన్నది నాన్నమ్మే అనుకుని, మా నాన్నమ్మ నన్ను టెనేషియస్ అంటుందని ఇంగ్లీషులో చెప్పేశాను. మీ నాన్నమ్మకి ఇంగ్లీషు వచ్చా అని అడిగింది. రాదండీ, అందుకే నాకు వచ్చిందండీ అన్నాను. సీటు ఇచ్చారు.

ఇప్పుడు నాకే మనవలున్నారు. నాన్నమ్మ పోయి చాలా ఏళ్లయింది. అయినా ఫోనులో కొత్త ఇంగ్లీషు మాట ఎదురైతే, చిక్కుడుకాయల ముందు కూర్చున్న ఆవిడకి లోలోపల తెలుగులో చెప్పి చూస్తాను. ఆవిడ ఊఁ అనేదాకా ఆ మాట నేను వాడను.